నాణెం, గరిటె, బాతు

మా ఊళ్ళో సగం మందికి కారు నడపడం నేర్పింది మనిషి కాదు, తుప్పు. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను. మా మరదలు పక్కన ఉంటే మాత్రం కొంచెం తగ్గించి అంటాను. సగం ఊరన్నది మరీ ఎక్కువగా వినిపిస్తే పావు ఊరనుకోండి. ఆ పావులోనూ కొందరికి నేర్పింది బజారు చివర ఈల వేసి మరీ తిట్టే ఇంకో మాస్టరని ఒప్పుకుంటాను. తుప్పు పాఠం చెబుతున్నంతసేపూ పక్క సీట్లో మా మరదలు కూడా కూర్చునేదన్నదీ నిజమే. కానీ కారును వెనక్కి తీసి రెండు గీతల మధ్య బుద్ధిగా నిలబెట్టే విద్య ఉంది చూశారూ, అందులో మాత్రం తుప్పుదే పెద్ద చెయ్యి. అక్కడ నేను అంగుళం కూడా వెనక్కి తగ్గను.

మా మరదలంటే మా ఆవిడ సొంత చెల్లెలు. మా వీధిలోనే, మలుపు దగ్గరి ఇంట్లో ఉంటుంది. ఇప్పుడంటే అందరూ టీచర్ అంటున్నారు గాని, వెనకటికి ఆమె ఫోటో స్టూడియోలో టచప్ చేసేది. ఆ పనేమిటో ఇప్పటి పిల్లలకు చెబితే గాని తెలియదు. వెంట్రుకంత కుంచె పట్టుకుని, కళ్ళకు భూతద్దం తగిలించుకుని, ఫోటోలో మనిషి ముఖం మీదున్న మచ్చలూ మడతలూ ఒక్కొక్కటే మాయం చేసేది. ఉద్యోగం దరఖాస్తు కోసం చిరాగ్గా ఫోటో దిగినవాడు ఆమె బల్ల మీద ఒక పూట గడిపితే శాంతమూర్తి అయిపోయేవాడు. మా మామగారి బట్టతల మీద ఆమె వేసిన జుట్టు ఎంత సహజంగా కుదిరిందంటే, ఆ ఫోటో చూసుకుని ఆయన బజారుకు వెళ్ళి దువ్వెన కొనుక్కొచ్చారు. దువ్వెన సంగతి మా ఆవిడ ఒప్పుకోదు. ఫోటో మాత్రం ఇప్పటికీ వాళ్ళ గోడకు ఉంది.

తర్వాత జేబుజేబుకూ కెమెరా వచ్చింది. ముఖాలను ఫోన్లే నున్నగా చేసి పెడుతున్నాయి. స్టూడియో యజమాని తలుపులు మూసేసి, వెళ్తూ వెళ్తూ తన పాత కారును మా మరదలికి అమ్మాడు. మీగడ రంగు కారు. గుండ్రటి ముక్కు, ముందూ వెనకా మెరిసే బంపర్లు, గట్టిగా వేస్తే గాని పడని తలుపులు. వయసులో మా పెళ్ళి కన్నా చిన్నది, మా ఆవిడ ఓపిక కన్నా పెద్దది. ఆ కారులో తను నేర్చుకుంది, తర్వాత పక్కింటావిడకు నేర్పింది, ఆవిడ చెల్లెలికి నేర్పింది, ఇంకేముంది, కారు నెత్తి మీద డ్రైవింగు స్కూలని బోర్డు పెట్టేసింది.

ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళంతా ఇంకెక్కడా పనికిరామనిపించుకున్నవాళ్ళే. చేతులు వణికేవాళ్ళు, కుడి ఎడమలు తారుమారయ్యేవాళ్ళు, మొగుడు పక్కన కూర్చుని అరిచిన అరుపులకు స్టీరింగంటేనే ఏడుపొచ్చేవాళ్ళు. మా మరదలు అరవదు. ఒక రిటైరైన పోస్ట్‌మాన్ కారును తిన్నగా తీసుకెళ్ళి పొదలోకి దూర్చేశాడు. అద్దం నిండా ఆకులు. ఆమె వాటిని కాసేపు తీరిగ్గా చూసి, ఆకులు పచ్చగా బావున్నాయండీ, ఇక రివర్స్ వేద్దామా అందట. ఆ పోస్ట్‌మాన్ ఇప్పుడు మనవలను బడికి దింపుతున్నాడు.

ఇక తుప్పు సంగతి. కారుకు మూడు చోట్ల తుప్పు పట్టింది. బానెట్ మీద ఎడమ అంచున గుండ్రంగా ఒకటి. డ్రైవరు తలుపు మీద, కిటికీ అద్దం కిందనే పొడుగ్గా, చివర వెడల్పుగా ఒకటి. వెనక చక్రం పైన, సైడ్ అద్దంలో చూస్తే కనపడేచోట, మెడ సాచిన పక్షిలా ఒకటి. మిగతా డ్రైవింగు స్కూళ్ళలో కోణాలు చెబుతారు, గజాలు చెబుతారు. మా మరదలికి కోణాలు రావు, మచ్చలు వచ్చు. జన్మంతా మచ్చలు చూసిన కళ్ళు కదా. వాటికి నాణెం, గరిటె, బాతు అని పేర్లు పెట్టింది. నాణెం పార్కింగు గడి చివరి స్తంభానికి ఆనినట్టు కనపడగానే ఆపి స్టీరింగు మొత్తం తిప్పేయాలి. గరిటె గీత మీదికి రాగానే తిన్నగా చెయ్యాలి. బాతు అద్దంలో గీతను ముక్కుతో పొడిస్తే బ్రేకు. అంతే పాఠం. రోజూ దారిన పోయేవాళ్ళకు ఆ కారులోంచి గరిటె, గరిటె, బాతు, బాతు అని వినపడుతుండేది. ఆ కారులో వంట నేర్పుతారని అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. సరే, అలా అనుకున్నది ఒక్కరే. అదీ నా ప్రోద్బలంతోనే.

ఏటా డ్రైవింగు నేర్పే కార్లన్నిటినీ రవాణా కార్యాలయానికి తీసుకెళ్ళి చూపించాలి. అక్కడి ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాడు. నవ్వడు, అంతే. పొద్దుటి నుంచి కాగితాల మీద ముద్రలు కొట్టీ కొట్టీ ఆయన కుడి బొటనవేలు ఎప్పుడూ నీలంగా ఉండేది. స్టాంప్ ప్యాడ్ సిరా ఆరకముందే ఇంకో ముద్ర, అది ఆరకముందే మరొకటి. అందుకని ఊరంతా ఆయన్ను నీలం వేలు అనేవాళ్ళు, ఆయన లేనప్పుడు.

ఆ ఏడు నీలం వేలు కారు చుట్టూ తిరిగి, మూడు మచ్చల దగ్గరా ఆగి, తల అడ్డంగా ఊపాడు. నేర్చుకునేవాళ్ళు ఎక్కే బండి ఇలా ఉండకూడదన్నాడు. ఇవాళ మచ్చ, రేపు చిల్లు అన్నాడు. నెలాఖరులోగా తుప్పు పోయిందా సరే, లేకపోతే బోర్డు తీసేయాల్సిందే. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు, అదే బాధ.

మా మరదలు ఆ సాయంత్రం మా మెట్ల మీద వచ్చి కూర్చుంది. మా ఆవిడ టీ ఇస్తే గ్లాసు పట్టుకుని తాగడం మర్చిపోయింది. షెడ్డువాడు కారంతా విప్పి రంగు వేయాలంటున్నాడట, నెలాఖరు దాటాక గాని కుదరదట.

"బోర్డు తీసేస్తే నేను మళ్ళీ ఇంట్లో కూర్చోవాలి బావగారూ," అంది. "స్టూడియో మూసేశాక కొన్నాళ్ళు కూర్చున్నా కదా. కూర్చోడం నాకు చేతకాదు."

ఆమె జోకు లేకుండా మాట్లాడటం నేను ఎప్పుడో గాని వినలేదు. దాంతో నాకు పౌరుషం వచ్చింది. నేను కాన్వెంటులో చదువుకున్నవాణ్ణి. సైన్సు చెప్పిన సిస్టరు నా చెవి మెలేసి మరీ బుర్రకెక్కించిన విషయం ఒకటుంది, పుల్లనిదేదైనా తుప్పును తింటుందని. పై పైన పట్టిన తుప్పయితే షెడ్డెందుకు, మన వంటిల్లు చాలదా అన్నాను. మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, వంటిల్లు ఎటువైపుందో తెలుసా మీకు అని అడిగింది.

ఆదివారం పొద్దున్నే కారును మా గేటు ముందు నిలబెట్టాం. ముందు గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో మొత్తం కడిగి, తుడిచి, ఆరబెట్టాం. తర్వాత బొటనవేలితో ఒక్కో మచ్చనూ నొక్కి చూశాను. రేకు లోపలికి పోతే తుప్పు తినేసినట్టు, వంటింటి వైద్యం పనిచెయ్యదు. మూడు చోట్లా గట్టిగానే ఉంది. పైపూతే. అక్కడి నుంచి మొదలైంది గొడవ. నేను వెనిగరూ అల్యూమినియం ఫాయిలూ అన్నాను. మా ఆవిడ వంటసోడా ముద్ద అంది. మా మరదలు ఎక్కడో విన్నానని, కోసిన బంగాళాదుంపను సబ్బులో ముంచి రుద్దాలంది. తగువెందుకని తలా ఒక మచ్చ పంచుకున్నాం. నాణెం నాది, గరిటె మా ఆవిడది, బాతు మా మరదలిది.

నేను గుడ్డను వెనిగరులో తడిపి నాణెం మీద వేసి, అది నానేదాకా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఈయన తుప్పుకు జ్వరం పట్టీ వేశాడని మా ఆవిడ చెల్లెలికి చెప్పింది. ఆవిడ సోడాలో నీళ్ళు కలిపి ముద్ద చేసి, గరిటె మీద మెత్తి, పాత టూత్‌బ్రష్షుతో తోముతూ ఉంది. చూసుకుంటే అది నా బ్రష్షే, పాతది కూడా కాదు. గుడ్డ తీశాక నేను ఫాయిలును ఉండ చేసి వెనిగరులో ముంచి గుండ్రంగా రుద్దాను. ఫాయిలు మెత్తన, ఇనుము గట్టి, కాబట్టి చుట్టుపక్కల గీతలు పడవు. మురికి ఎర్రటి రసం కారింది, నాణెం కింద నుంచి తెల్లటి రేకు తొంగి చూసింది. నేను వేసిన కేకకు ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి.

ఇక చూడండి, వీధంతా నిపుణులే. ఒకాయన నిమ్మచెక్క మీద ఉప్పు చల్లి రుద్దమన్నాడు. అది గరిటె తోక దగ్గర మొండికేసిన ముక్క మీద భేషుగ్గా పనిచేసింది. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఇంకొకాయన కూల్‌డ్రింకు పోస్తే ఎంత తుప్పైనా దిగాల్సిందేనంటూ సీసా తెచ్చి, ఎవరూ ఆపేలోపు బంపరు మీద పోశాడు. తుప్పు దిగిందో లేదో గాని చీమలు ఎక్కాయి. ఊళ్ళో చీమలన్నీ వచ్చాయని చెప్పను, పక్క వీధి చీమలు మాత్రం తప్పకుండా వచ్చాయి. మా మరదలు బంగాళాదుంపతో బాతును రుద్దుతూనే ఉంది. దుంప అరిగిపోయింది, ఇంకోటి అరిగిపోయింది, బాతు కాస్త చిక్కింది గాని పోలేదు. నేను అటు తిరిగినప్పుడు నా ఫాయిలు ముక్క ఒకటి మాయమైంది. కాసేపటికి బాతు కూడా మాయమైంది. అడిగితే, దుంప మహిమ బావగారూ అంది. ఆ పూట కూరకు దుంపలు లేవు.

తర్వాత సోడానీళ్ళతో ఇంకోసారి తుడిచి, పులుపు మిగలకుండా మంచినీళ్ళతో కడిగాం. తడి రేకు నిలబడి చూస్తుండగానే మళ్ళీ ఎర్రబడుతుంది కాబట్టి, మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి, కారుకు స్నానం చేయించిన బిడ్డకు పట్టినట్టు వేడిగాలి పట్టింది. అక్కడి నుంచి పని మా మరదలిది. స్టూడియో నాటి కుంచెల డబ్బా తెచ్చింది. భూతద్దం పెట్టుకుంది. రేకు మీద అస్తరు, అది ఆరాక మీగడ రంగు, పల్చగా, పొర మీద పొర. రంగు పూర్తిగా ఆరాక మైనం పాలిష్ పట్టించి, మెత్తటి గుడ్డతో రుద్దితే, మచ్చ ఎక్కడుండేదో చెప్పమని పందెం కాసినా ఎవరూ చెప్పలేకపోయారు. ఆ సాయంత్రం అందరం ఆ కారులో ఇరుక్కుని కూర్చుని, పనేమీ లేకపోయినా హారన్ కొట్టుకుంటూ ఊరంతా తిరిగాం. మా మరదలి ముఖం చూసి, స్టూడియోలో తనను తనే టచప్ చేసుకుందేమో అనిపించింది.

మర్నాడు బేకరీ ఆవిడ వచ్చింది. నెలాఖరున మళ్ళీ జరిగే తనిఖీనాడు స్కూలు తరఫున ఒక విద్యార్థి ఇన్‌స్పెక్టరు ముందు కారును గడిలో పెట్టి చూపించాలి. అదొక నియమం. బేకరీ ఆవిడ మా మరదలి శిష్యుల్లో ఆణిముత్యం. కేకు మీద క్రీముతో గీత గీసినంత తిన్నగా కారును పెడుతుందని పేరు. మా గేటు పక్కన డబ్బాలు పేర్చి గడి కట్టి, రిహార్సల్ మొదలుపెట్టాం. ఆవిడ కారు ముందుకు తెచ్చింది. బానెట్ వైపు చూసింది. ఇంకా చూసింది. తర్వాత అద్దం వైపు చూసింది. డబ్బాలు పడ్డాయి. మళ్ళీ పేర్చాం. ఈసారి మా ఆవిడ గులాబీ కుండీ పోయింది. ఆవిడ కారు ఆపి, కిటికీలోంచి తల బయటికి పెట్టి, చాలా మర్యాదగా అడిగింది.

"టీచర్, నాణెం ఏదండీ?"

అప్పుడు గాని మాకు బుర్రకెక్కలేదు. తుప్పు వదిలించామని ఊరంతా హారన్ కొట్టుకు తిరిగాం గాని, వదిలించింది పాఠాన్నే. మా మరదలు గబగబా వెళ్ళి తను స్టీరింగు పట్టుకుంది. ఇన్నేళ్ళు నేర్పిన మనిషి. కారును పడుకున్న కుక్కలా అడ్డదిడ్డంగా పెట్టి దిగింది. ఎవరూ నవ్వలేదు. నేను నవ్వానని మా ఆవిడ అంటుంది.

గుర్తులు ఏవో పెడితే పోలేదా అన్నాను. కాగితం ముక్క అంటిస్తే గాలికి ఎగిరింది. టూత్‌పేస్టు చుక్క పెడితే అది ఆరి మీగడ రంగులో కలిసిపోయింది. మా ఆవిడ లోపలికి వెళ్ళి తన నెయిల్ పాలిష్ సీసాలు తెచ్చి, ఎర్రచుక్క పెట్టేయవే, పని అయ్యాక తుడిచెయ్యొచ్చు అంది. మంచి సలహా. ఆ సలహా అలాగే విని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

కానీ మా మరదలు చుక్క పెట్టే మనిషి కాదు. సీసాలు అటూ ఇటూ తిప్పి చూసింది. ఇటుకరంగు ఒకటి, కాఫీరంగు ఒకటి, నారింజ ఒకటి ఏరుకుంది. కుంచె తీసింది. చుక్క పెడితే చుక్కలాగే ఉంటుంది గాని నాణెంలా ఎలా ఉంటుంది అంటూ కూర్చుంది. అంచున ముదురు, మధ్యలో పొడి పొడిగా ఎరుపు, అక్కడక్కడ రంగు పొక్కినట్టు చిన్న చిన్న పగుళ్ళు. నాణెం అయింది. గరిటె అయింది. బాతుకు మెడ మీదున్న చిన్న వంపు కూడా మర్చిపోలేదు. అది పూర్తయ్యేసరికి నా చెయ్యి దానంతట అదే వెనిగరు సీసా కోసం వెళ్ళింది.

"నిన్నంతా నా చేత తోమించింది ఇందుకుటే?" అంది మా ఆవిడ.

"బావుందా లేదా చెప్పక్కా," అంది చెల్లెలు, తల పక్కకు వాల్చి తన బాతును మురిపెంగా చూసుకుంటూ.

బేకరీ ఆవిడ స్టీరింగు పట్టుకుని నాణెం, గరిటె, బాతు అనుకుంటూ ఒక్క ఊపులో కారును గడిలో పెట్టింది. ఇక ఉపాయం తేలిగ్గా తోచింది. ఏటా ఇన్‌స్పెక్టరు మొదట గడిలో పెట్టడం చూస్తాడు, తర్వాత కారు చుట్టూ తిరుగుతాడు. ఆ మధ్యలో దుమ్ము దులుపుతున్నట్టు నటించి మూడూ తుడిచేస్తే సరి. నెయిల్ పాలిష్ మైనం మీద ఉంది కాబట్టి తేలిగ్గా లేచొస్తుంది. దూది మీద రిమూవర్ రెండు చుక్కలే వెయ్యాలి, ఎక్కువైతే కింది రంగు కూడా వచ్చేస్తుందని మా మరదలు నాకు పదే పదే చెప్పింది. అందుకే సీసా నా చేతికి ఇవ్వలేదు.

తనిఖీ రోజు కార్యాలయం వెనక ఆవరణలో కార్లు బారులు తీరాయి. నేల మీద తెల్లగీతలతో గడి, చివర చారల స్తంభం, చూసేవాళ్ళు లోపలికి రాకుండా తాడు. మా వంతు వచ్చేసరికి నీలం వేలు లోపల కాగితాలన్నీ ముద్రలు కొట్టి, అప్పుడే బయటికి వచ్చాడు. బొటనవేలు తడితడిగా మెరుస్తోంది. బేకరీ ఆవిడ స్టీరింగు ముందు కూర్చుని సిద్ధంగా ఉంది.

"ఈసారి ముందు బాడీ చూస్తానమ్మా," అన్నాడాయన మా మరదలితో. "పోయినసారి మీది తుప్పు కదా."

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాడు. నాణెం దగ్గర ఆగాడు. గరిటె దగ్గర ఆగాడు. బాతు దగ్గర వంగి మరీ చూశాడు. లేచేసరికి ఆయన ముఖంలో కోపం లేదు, దిగులుంది. కష్టపడి ఉంటారు, మిగతా కారంతా ఎంత బాగా చేశారు, మరి వీటినెందుకు వదిలేశారమ్మా అని నెమ్మదిగా అడిగాడు. ఇక తను చేయగలిగిందేమీ లేదన్నాడు.

మా మరదలు ఒక్కసారి డ్రైవరు సీటు వైపు చూసింది. తుడిస్తే బేకరీ ఆవిడ కారును గడిలో పెట్టలేకపోతుంది. తుడవకపోతే కారే ఉండదు. ఎటు చూసినా బోర్డు దిగేటట్టే ఉంది. సంచీలోంచి దూది తీసింది. రెండు చుక్కలు వేసింది. వెళ్ళి నాణెం మీద ఒక్క తుడుపు తుడిచింది.

నాణెం లేదు.

నీలం వేలు నోరు తెరిచాడు. ఆమె గరిటెను తుడిచింది, అదీ లేదు. బాతును తుడవడానికి మాత్రం చెయ్యి కాస్త ఆగింది, నేను చూశాను. తర్వాత అదీ పోయింది. మీగడ రంగు కారు, కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది.

ఆయన చాలా ఏళ్ళుగా తుప్పు చూస్తున్న మనిషి. దూదికి లొంగే తుప్పును ఎన్నడూ చూసి ఉండడు. గబగబా వచ్చి, నాణెం ఉన్నచోట బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కాడు. రేకు చెక్కు చెదరలేదు. గరిటె ఉన్నచోట నొక్కి పక్కకు రుద్దాడు. బాతు ఉన్నచోట రుద్ది, వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఇదేమిటమ్మా అన్నాడు.

"బొమ్మ సార్," అంది మా మరదలు.

"తుప్పు బొమ్మా?"

"అవును సార్."

"ఎందుకమ్మా?"

"అలవాటు సార్," అంది.

నేను సిస్టరు చెప్పిన రసాయనశాస్త్రం దగ్గర నుంచి వివరిద్దామని ముందుకు వంగాను. మా ఆవిడ గిల్లింది. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమనుకున్నాడో ఏమో, బాడీకి వంక లేదు, ఇక గడిలో పెట్టించండి అని బేకరీ ఆవిడ పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

టీచరు తాడు ఇవతలే ఉండాలి, నోరు విప్పకూడదు. మా మరదలు వచ్చి మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. కారు కదిలింది. స్తంభం దగ్గరికి వచ్చింది. మాకు అద్దంలోంచి బేకరీ ఆవిడ ముఖం కనపడుతోంది. బానెట్ వైపు చూసింది. కళ్ళు చిట్లించింది. మా మరదలు కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేదు, అందుకే సాక్ష్యం చెబుతున్నాను. బేకరీ ఆవిడ కనుబొమలు పైకి లేచాయి, పెదాలు కదిలాయి. కారు ఆగింది, చక్రాలు మొత్తం తిరిగాయి, వెనక్కి వచ్చింది, తిన్నబడింది, ఇంకా వచ్చింది, ఆగింది. రెండు గీతల మధ్య, కేకు డబ్బాలో కేకులా కూర్చుంది. అటూ ఇటూ ఒకే దూరం. కొలవలేదు గాని కొలిచినా అంతే ఉండేది.

ఇన్‌స్పెక్టరు దిగి, ఒకసారి గీతల వైపు, ఒకసారి టీచరు వైపు చూసి, బావుందమ్మా, బోర్డు ఉంచుకోండి అన్నాడు. ఆ ముఖం మీద నవ్వనదగ్గది ఏదో మెరిసిందని అంటాను. కాగితం మీద ముద్ర కొట్టడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

మా మరదలు తాడు కింద నుంచి దూరి పరుగెత్తింది. ఆ వయసులో ఆ పరుగు చూడాల్సిందే. కిటికీ దగ్గర వంగి, ఎలా పెట్టావమ్మా అని అడిగింది.

"నాణెం ఉంది కదా టీచర్," అంది బేకరీ ఆవిడ ఆశ్చర్యంగా. "ఈసారి నీలం రంగు వేశారు, అంతేగా."

వెళ్ళి చూశాం. మైనం పట్టించిన మీగడ రంగు బానెట్ మీద, సరిగ్గా నాణెం ఉండేచోట, గుండ్రంగా, నీలంగా, బొటనవేలి ముద్ర. తలుపు మీద పక్కకు సాగిన నీలం చార, గరిటె కన్నా కాస్త పొట్టిది. వెనక చక్రం పైన ఇంకోటి. దాన్ని బాతు అనలేం గాని, బాతు పిల్ల అనొచ్చు. తుప్పు ఉందేమోనని నమ్మకం కుదరక నొక్కి నొక్కి చూసిన మనిషి, తన చేత్తో తనే పాఠమంతా తిరిగి రాసిపెట్టి వెళ్ళాడు. మా మరదలు బానెట్ మీద చెయ్యి పెట్టి, ఆ ముద్ర చెరగకుండా పక్కన పెట్టి, నవ్వడం మొదలుపెట్టింది. ఆమెను చూసి మా ఆవిడ, ఆవిడను చూసి బేకరీ ఆవిడ. వెనక వరసలో కార్లు హారన్లు కొట్టేదాకా ఆగలేదు.

ఆ సిరా ఆ వానలకే పోయింది. అయినా ఇప్పటికీ ఆ కారు మీద మూడు నీలం మచ్చలున్నాయి. మా ఆవిడ సీసాల్లో అంతకుముందు నీలం రంగు ఉండేది కాదు, ఇప్పుడు ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే బానెట్ మీదున్నదాంట్లో వేలిముద్ర గీతలు కూడా కనపడతాయి, వెంట్రుకంత కుంచెతో వేసినవి. కారు వీధిలోంచి పోతుంటే కిటికీలోంచి ఇప్పుడు వేలు, వేలు, బాతుపిల్ల అని వినపడుతుంది. నీలం వేలు ఏటా వాటిని చూస్తాడు, ఏమీ అనడు. తన వేలిని జేబులో పెట్టుకుంటాడని కూడా చెప్పొచ్చు గాని, అది నేను సరిగా చూడలేదు.

ఇదంతా రాసి, అచ్చుకు పంపేముందు మర్యాద కదా అని మా మరదలికి చదివి వినిపించాను. ఆమె చేతిలో ఉన్న గుడ్డతో కారు అద్దం తుడుస్తూ, మధ్యలో ఒక్కసారి కూడా ఆపకుండా, మొత్తం విన్నది. తర్వాత గుడ్డ మడత పెట్టింది.

"ఇందులో ఒక్క ముక్క కూడా నిజం లేదు బావగారూ. నా కారుకు జన్మలో తుప్పు పట్టలేదు. బంగాళాదుంపతో కారు రుద్దడానికి నాకేమైనా పిచ్చా? ఆ మూడు నీలం మచ్చలూ కారుతో పాటు వచ్చినవే."